సోమవారం ఎక్కువయ్యే చప్పుడు

పాకాల,
1947 ఫిబ్రవరి 5, బుధవారం.

ప్రభువునందు ప్రియుడైన బామ్మర్ది మునస్వామికి,

మీ అక్క నిర్మలమ్మ, నేను క్షేమం. లారీ మాత్రం క్షేమంగా లేదు. అందుకే ఈ జాబు.

చిత్తూరులో నీ షెడ్డులో ఇంజను మొత్తం విప్పి, మళ్లీ కొత్తగా కట్టి, డిసెంబరు ఆఖర్న నువ్వే స్టార్టు చేసి నాకు అప్పజెప్పినావు. ఆ పొద్దు అది నిద్రపోయే బిడ్డ ఊపిరి మాదిరి నడిచింది. నెలన్నర కాలేదు, ఇప్పుడు పైన టపటపటప కొడతా ఉండాది. ఐరాలలో బెల్లం ఎత్తుకొని పాకాల గూడ్సు షెడ్డుకు వచ్చేలోపల గొర్లు కాసేవాళ్లు కూడా తలెత్తి చూస్తా ఉండారు. నిన్న ఒక ముసలాయన, ఏమప్పా ఏకాంబరం, లోపల కంసాలిని గాని కూర్చోబెట్టినావా అని అడిగినాడు. నవ్వినట్టు నవ్వి బండి ముందుకు పోనిమ్మన్నా.

సూటిగా అడుగుతా, సూటిగా చెప్పు. మిలిటరీ వేలంలో ఈ లారీ కొన్నప్పుడు, వాల్వులను పైనుంచి నొక్కే రాకర్లు పన్నెండూ కొత్తవాటితో సమానమని నువ్వే అంటివి. ఆ పన్నెండూ ఇప్పుడు నా బండిలోనే ఉండాయా? లేక ఇంకెవరి బండికో పోయి, వాళ్లవి అరిగినవి నాకు వచ్చినాయా? యెరికో కొల్లసొమ్ములో బంగారు కమ్మి ఎత్తి గుడారం కింద పూడ్చినవాడి సంగతి సండే స్కూల్లో నీకు నేనే చెప్పినా. పూడ్చింది ఒక్కడు, యుద్ధంలో ఓడింది జనమంతా. నీ షెడ్డు నేల తవ్వి చూసుకో.

బండి నొసట ఇమ్మానుయేలు అని రాయించినా. ఆ పేరు పెట్టుకొని ఈ రకంగా అరుస్తా పోతే నేను ఊర్లో ఏ మొహంతో వాక్యం చెప్పేది? ప్రార్థన చేసి ప్రతిష్ఠించిన బండి ఇది. దేవుడు చేసిన తప్పు కాదు గదా. మనిషిదే అయ్యుండాల. ఏ మనిషిదో తేలాల.

మీ బావ,
ఏకాంబరం


చిత్తూరు,
ఫిబ్రవరి 9.

బావకు వందనాలు.

మీ జాబు చదివి రెండు దినాలు ఊరుకున్నా. కోపంలో రాసిన జాబుకు కోపంలో బదులు రాయకూడదని మీరే నేర్పించినారు. రాకర్లు పన్నెండూ మీవే. ఒక్కోదాని పక్క నేను కొట్టిన చుక్క గుర్తు ఉంటాది, విప్పితే కనపడతాది. నేల తవ్వే పని లేదు.

ఇంజను నోరు లేని రోగి. చప్పుడు ఒక్కటే చెప్తాది. అది యాడినుంచి వస్తా ఉందో ముందు కనుక్కోండి. నిలబెట్టి, ఇంజను మెల్లగా తిరగనిచ్చి, ప్లగ్గు వైర్లు ఒక్కోటీ తీసి పెట్టండి. ఏదైనా ఒకటి తీసినప్పుడు చప్పుడు తగ్గితే జబ్బు కింద బేరింగుల్లో. ఏది తీసినా మారకుంటే పైన వాల్వుల్లో. పైనే అయితే కవరు తీసి, రాకరుకూ వాల్వుకూ నడుమ నేనిచ్చిన సన్న రేకు దూర్చండి. ఏ రాకరు కాడ దూరిస్తే చప్పుడు ఆగుతాదో అదే రోగి.

ఇంకోటి. కవరు తీసినప్పుడు రాకర్ల మీద ఆయిలు ఊరతా ఉండాల, చెమట పట్టినట్టు. ఎండిపోయి ఉంటే వెంటనే రాయండి. ఏ దినం, ఏ పొద్దులో ఎక్కువ కొడతా ఉందో గుర్తు పెట్టుకోండి. నేనిచ్చిన డబ్బాలో ఆయిలు తప్ప వేరేది ఏమైనా పోసినారా? ఈ మాటకు మాత్రం తప్పకుండా బదులు రాయండి.

పనులన్నీ మీ డ్రైవరు పెంచలయ్య చేత చేయించండి. అస్సాంలో మిలిటరీ రోడ్ల మీద నాతో మూడేండ్లు లారీ తోలినాడు. చప్పుడు వినడం వాడికి తెలుసు.

మునస్వామి


పాకాల,
ఫిబ్రవరి 18, మంగళవారం.

మునస్వామికి,

నువ్వు చెప్పినట్టే చేసినా. పెంచలయ్య చేత కాదు, నేనే. ప్లగ్గు వైరు మూడోది తీసేటప్పుడు మోచేతి దాకా కరెంటు కొట్టింది. పెంచలయ్య నవ్వు దాచుకోలేక బానెట్టు అవతలికి పోయినాడు. ఏ వైరు తీసినా చప్పుడు మారలేదు. కాబట్టి పైనే. కవరు తీసి రేకు దూర్చినా. వెనక నాలుగు రాకర్ల కాడ ఆగుతా ఉండాది. ముందర ఎనిమిదీ కొంచెం మేలు. ఆయిలు ముందర ఉండాది, వెనక దాదాపు పొడి. యాడైనా ఉంటే జిగటగా, మట్టి రంగులో ఉండాది.

చప్పుడు సోమవారం ఎక్కువ. ఇది రాసి పెట్టుకో. శనివారానికి కొంచెం తగ్గుతాది, సోమవారం తెల్లారేసరికి మళ్లీ టపటపటప. దీని గురించి నేను మోకాళ్ల మీద ఆలోచించినా. నిన్ను అనుమానించినందుకు నొచ్చుకోవద్దు. ఇప్పుడు నా అనుమానం వేరే చోటికి పోయింది.

ఆదివారం మేమంతా ప్రార్థన పాకలో ఉంటాము. లారీ కాడ ఒక్కడే ఉంటాడు, పెంచలయ్య. వాడు విశ్వాసి కాదు, కాబట్టి లోపలికి రాడు. వేపచెట్టు కింద లారీ మెట్టు మీద కూర్చొని బీడీ కాలుస్తాడు. మనమంతా కండ్లు మూసుకొని ఉన్నప్పుడు వాడి కండ్లు తెరుచుకొని ఉంటాయి. ఆయిలు డబ్బా మీద నేను బొగ్గుతో గీత గీసినా. గీత కన్నా రెండు వేళ్లు దిగింది. ఇంజను తాగిందయ్యా అంటాడు. నాయుడుపేటలో వాళ్ల బావ ఆయిలు కొట్టు పెట్టుకొని ఉన్నాడని విన్నా. నెలకు రెండుసార్లు నాయుడుపేటకు ఎందుకు పోతాడు? సిరియా సేనాధిపతి కాడ చాటుగా బట్టలు తీసుకొని, ఏమీ ఎరగనట్టు యజమాని ముందర నిలబడ్డ పనివాడు జ్ఞాపకమొస్తా ఉన్నాడు. వాడి మొహం కూడా ప్రశాంతంగానే ఉండి ఉంటాది.

వేరే నూనె సంగతి అడిగినావు. దానికి బదులు పెంచలయ్య చెప్పాల.

ఒక మంచి సంగతి. టపటప నిలబెట్టినా. రాకర్ల మీద ఉండే స్క్రూలు ఒక్కోటీ సందు లేకుండా బిగించినా. మొన్న ఆదివారం ఇంజను మాట్లాడకుండా నడిచింది. పిల్లలు కూడా వచ్చి చూసినారు.

మీ బావ,
ఏకాంబరం


చిత్తూరు,
ఫిబ్రవరి 21.

బావా,

మీ జాబు చేరిన గంటకే ఈ కార్డు రాస్తా ఉండా. ఆ స్క్రూలు వెంటనే వదులు చేయండి. వాల్వుకూ రాకరుకూ నడుమ సందు ఉండాల. పొగ వదిలే ఎగ్జాస్టు వాల్వుకు ఈ కార్డు మందం. వేడెక్కితే ఇనుము పెరుగుతాది. సందు లేకుంటే వాల్వు పూర్తిగా మూసుకోదు, మంట దాని అంచులోంచి పోతాది, అంచు కాలిపోతాది. చప్పుడు లేని ఇంజను మంచిది అనుకోవద్దు. మీరు రోగిని నయం చేయలేదు, వాడి నోట్లో గుడ్డ కుక్కినారు.

లోడు ఎత్తొద్దు. ఖాళీగా చిత్తూరుకు తోలి పంపండి, నేనే విప్పుతా.

పెంచలయ్యను నేను పంపినా. నాయుడుపేటలో వాడికి జబ్బు పడిన తల్లి ఉండాది, ఆయిలు కొట్టు కాదు. నిదానించండి. ఆయిలు సంగతికి మీరే బదులు రాయండి బావా. మీ జాబులో ఆ ఒక్క చోట మాత్రం మాట దాటేసినారు.

మునస్వామి


పాకాల,
మార్చి 10, సోమవారం.

మునస్వామికి,

నీ కార్డు అందేలోపలే బెల్లం లోడుకు మాట ఇచ్చేసినా. రైతులకిచ్చిన మాట ఎట్లా తప్పేది? నాలుగో తేదీ ఐరాల దాటినాక మిట్ట మీద ఇంజను దగ్గి, పొగ కక్కి, నిలిచిపోయింది. అరవై దిమ్మెల బెల్లం ఎండలో కరిగి పలకల సందుల్లోంచి కారింది. చీమలూ కందిరీగలూ లారీని ఆక్రమించినాయి. గానుగ రైతు మునెయ్య వచ్చి లోపలికి తొంగి చూసి, అయ్యగారూ, ఇది మోటారా, తేనెపట్టా అన్నాడు. చెప్పాల్సిన మాట ఇంకొకడి కోసం దాచిపెట్టుకున్నా.

నిన్న ఆదివారం పెంచలయ్యను ప్రార్థన పాక గుమ్మం కాడికి పిలిపించినా. పేరు పెట్టి, వేలు పెట్టి చెప్పినా. లోపలి ఆయిలు అమ్ముకొని, దానికి బదులు ఏదో జిగట పోసి, దేవుని పనికి పెట్టిన బండిని చంపినోడు వీడేనని. పాక నిండా జనం. ఐరాల రైతులు కూడా నలుగురు వచ్చి ఉన్నారు. వాడు తలగుడ్డ తీసి చేతిలో పట్టుకొని నిలబడినాడు. కాదని చెప్పరా అంటే చెప్పలేదు. నా మొహం ఒకసారి చూసి, తాళంచెవి గుమ్మం మీద పెట్టి వెళ్లిపోయినాడు. నిర్దోషి అయితే అట్లా పోతాడా?

చిత్తూరు మోటారు ఇన్‌స్పెక్టరుకు ఈ టపాలోనే అర్జీ పంపినా. వాడి లైసెన్సు రద్దు చేయమని. ఇంకొకరి బండి ఇట్లా చావకూడదు. లారీ ఐరాల మిట్ట మీదనే ఉండాది, తెప్పించుకో.

ఏకాంబరం


చిత్తూరు,
మార్చి 17.

బావా,

రెండు జతల ఎద్దులు కట్టి మిట్ట దించి, ఆడినుంచి ఇంకో లారీకి తాడు కట్టి తెచ్చినాము. అన్నీ విప్పినా. చూసింది చూసినట్టు రాస్తా.

రెండు ఎగ్జాస్టు వాల్వులు అంచు కాలినాయి, ఎలుక కొరికిన అప్పడం మాదిరి. అది మీరు బిగించిన స్క్రూల వల్ల. రాకర్లు పన్నెండింటికీ నా చుక్క గుర్తు ఉండాది. కానీ అవి ఊగే కడ్డీ అడుగున అరిగిపోయింది. గోరు పెడితే గోరు దిగతా ఉండాది. ఎందుకు అరిగింది? ఆయిలు పైకి రాలేదు. ఎందుకు రాలేదు? కిందనుంచి పైకి ఆయిలు తెచ్చే సన్న పైపు పూడిపోయింది. తీగ పెట్టి లాగితే ముదురు పాకం మాదిరి వచ్చింది. దాన్ని కాల్చిన ఇనుము మీద పెట్టినా. ఇంజను ఆయిలు కాలితే వచ్చే వాసన నాకు నిద్రలో కూడా తెలుసు. ఇది అది కాదు. నువ్వుల నూనె. దాని వెనక గంధం.

దాచను. నువ్వుల నూనె వాసన తగలగానే నేను కూడా పెంచలయ్యనే అనుమానించినా. వాడు మీ కాడినుంచి నేరుగా నా షెడ్డుకే వచ్చినాడు. బండి విప్పినప్పటినుంచి మూల కూర్చొని సామాన్లు కిరసనాయిల్లో కడుగుతా ఉన్నాడు. కానీ గంధం తగిలినాక ఆలోచన మారింది. ఆయిలు దొంగ అయితే ఏదో ఒక చవక నూనె పోస్తాడు. దాంట్లో గంధం ఎందుకు కలుపుతాడు? పైగా కింద ఆయిలు మట్టం నింపాలనుకునేవాడు ఒక్కసారి పోసి ఊరుకుంటాడు. ఇది పొర మీద పొర. వారం వారం పోసింది. ఆదివారం పోసి ఉంటారు, సోమవారం కొట్టి ఉంటాది.

అడిగితే పెంచలయ్య చేతులు తుడుచుకొని, “అయ్యగారినే అడగప్పా” అన్నాడు. మళ్లీ కడగను కూర్చున్నాడు.

మా అమ్మ జ్వరంతో పడుకున్నప్పుడు మీరొచ్చి ప్రార్థన చేసి నుదుట నూనె పెట్టినారు. ఆ సీసా మూత తీస్తే గంధం వాసన ఇల్లంతా నిండింది. ఆ వాసన నేను మరవలేదు. ఇంతకన్నా రాయలేను.

మునస్వామి


తిరుపతి,
మార్చి 20.

మునస్వామికి,

ప్రార్థన కూడికల కోసం తిరుపతి వచ్చినా. నీ జాబు మీ అక్క ఇక్కడికి పంపింది. గంధం నీ ముక్కు భ్రమ. షెడ్డులో వంద వాసనలు ఉంటాయి. పెంచలయ్య నీ పక్కనే కూర్చొని నీ చెవిలో ఏమి ఊదుతా ఉన్నాడో నాకు తెలియదు. లారీ సిద్ధం చెయ్. అర్జీ వేసింది వేసినట్టే ఉంటాది. ఈడ మూడు రాత్రులు ప్రసంగాలు ఉండాయి, తీరిక లేదు.

ఏకాంబరం


చిత్తూరు,
మార్చి 23.

బావా,

నా ముక్కు మీద నమ్మకం లేకపోతే మీ ముక్కే ఉండాది. పూడిన పైపును రెండుగా కోసి ఒక ముక్క కాగితంలో చుట్టి పంపిస్తా ఉండా. పాకాల పోయినాక పొయ్యి మీద పెట్టి చూడండి.

ఇన్‌స్పెక్టరు ఆఫీసు మనిషి నిన్న వచ్చినాడు. ఏప్రిల్ రెండో తేదీ పెంచలయ్య లైసెన్సు తీసుకొని హాజరు కావాలంట. వాడికి స్టీరింగు తప్ప వేరే బతుకు లేదు. చేను లేదు, చేతిపని లేదు, నలభై ఆరేండ్లు. నేను ఆడికి పోయి నూనె సంగతి చెప్పగలను. చెప్తే మా అక్క మొగుడిని ఆఫీసులో అబద్ధికుడిని చేసినట్టు. చెప్పకుంటే నేనే అబద్ధికుడిని. నన్ను ఆ గుమ్మం దాకా నడిపించొద్దు.

మునస్వామి


పాకాల,
మార్చి 31, సోమవారం.

మునస్వామీ,

పైపు ముక్కను పొయ్యి మీద పెట్టింది నేను కాదు, మీ అక్క. ఇల్లంతా ప్రార్థన కూడిక వాసన వచ్చింది. ఆమె పట్టకారుతో దాన్ని తీసి నా ముందర పెట్టింది.

పోసింది నేనే. డిసెంబరు ఆఖరి ఆదివారం, మొదటి లోడుకు ముందర. యాకోబు రాతి మీద నూనె పోసి దాన్ని దేవుని ఇల్లు అన్నాడు. రాజులకు తల మీద పోసినారు. లారీకి తల యాది? ఇంజనే గదా అనుకున్నా. ఒలీవ నూనె మనకు యాడ దొరుకుతాది, అందుకని నువ్వుల నూనెలో గంధం కలిపి, కవరు మీద ఆయిలు పోసే మూత తిప్పి, అర్ధశేరు పోసినా. చప్పుడు మొదలైనాక, రోగికి నూనె రాసి ప్రార్థించినట్టు ప్రతి ఆదివారం ఒక గరిటె పోసినా. చప్పుడు ఎక్కువైతే నా విశ్వాసం తక్కువైందని రెండు గరిటెలు పోసినా. నువ్వు ఆయిలు సంగతి అడిగినప్పుడే నాకు అర్థమైపోయింది. ప్రతిష్ఠించిన నూనె పాడు చేయదని నాకు నేనే చెప్పుకొని, ఇంకెవడో ఒకడు దొరకాలని వెతికినా. పెంచలయ్య దొరికినాడు.

నిన్న మట్టల ఆదివారం. పాకలో లేచి అంతా చెప్పినా. నా మాట వినే ఉంటావు, మొదలుపెడితే నేను ఎట్లా చెప్తానో నీకు తెలుసు. గుండెలు బాదుకునే మాదిరి చెప్పినా. ఆడవాళ్లు ఏడ్చినారు. నేనూ ఏడ్చినా. అయిపోయినాక దేవకమ్మ పెద్దమ్మ వచ్చి నా రెండు చేతులూ పట్టుకొని, “నాయనా, ఆ దొంగ పాపం నీ నెత్తిన వేసుకున్నావా” అన్నది. కాదమ్మా, నిజంగా నేనే అంటే, ఇంకా గట్టిగా ఏడ్చింది. ఐరాల మునెయ్య బయట నిలబడి, అయ్యగారు క్షమించినా మనం డబ్బాలకు మూతలు గట్టిగా పెట్టుకోవాల అని పక్కవాళ్లకు చెప్తా ఉండాడు. ఎంత చెప్తే అంత గొప్పవాడినైనా. పెంచలయ్య ముందటి కన్నా పెద్ద దొంగ అయినాడు.

ఇంటికొచ్చినాక మీ అక్క, “అంత బాగా చెప్తే తప్పు చేసినట్టు యాడుంటాది” అన్నది. అన్నం పెట్టి అవతలికి పోయింది.

అర్జీ వాపసు కాగితం దీంతో పాటు పంపిస్తా ఉండా. అంతా నా తప్పేనని సంతకం పెట్టినా. రెండో తేదీ పొద్దున్నే ఇన్‌స్పెక్టరుకు చేర్చు. వచ్చే ఆదివారం పునరుత్థాన పండగ, పది ఊర్ల జనం వస్తారు. పెంచలయ్యను తీసుకొని రా. నన్ను క్షమించమని అడిగినానని చెప్పు.

ఏకాంబరం


చిత్తూరు,
ఏప్రిల్ 2.

బావా,

కాగితం ఇచ్చినా. లైసెన్సు వాడి జేబులోనే ఉండాది. కానీ జేబులో ఉండి ఏం లాభం. ఈడ ఇద్దరు లారీ ఓనర్లను నేనే అడిగినా. ఒకాయన పేరు వినగానే, పాకాల నూనె మనిషి గదా, వద్దబ్బా అన్నాడు. మీ గొంతు చిత్తూరు దాకా వచ్చింది.

మీ జాబు వాడికి మొత్తం చదివి వినిపించినా. తల వంచుకొని విన్నాడు. మొదటి దినం మూత తిప్పి పోసిన చోటు మళ్లీ చదవమన్నాడు. చదివినా. మూడోసారి కూడా చదవమన్నాడు.

“ఆ పొద్దు నేనేమన్నానో రాసినారా దాంట్లో?” అన్నాడు.

లేదప్పా, నువ్వు ఆడ ఉన్నట్టే లేదు అని చెప్పినా.

“అయితే ఇంకా అంతా రాయలేదు” అని లేచి, మీ లారీ కిందికి పోయి పడుకొని బోల్టులు బిగిస్తా ఉండాడు. ఆ పొద్దు ఏమన్నావు అని అడిగితే చెప్పడు. అయ్యగారి నోట రావాల్సింది నా నోట ఎందుకు అంటాడు. ఆదివారం వచ్చేదీ రానిదీ మీ బదులును బట్టి అంట.

ఏమన్నాడు బావా?

మునస్వామి


పాకాల,
ఏప్రిల్ 3, గురువారం.

మునస్వామీ,

వద్దన్నాడు.

మూత తిప్పుతా ఉంటే పక్కకు వచ్చి, అయ్యా, ఇంజనుకు ఆ నూనె పడదు, పైపులు పూడిపోతాయి, కావాలంటే బానెట్టు మీద పోయండి, దండ వేయండి అన్నాడు. పాక ముందర జనమంతా చూస్తా ఉండారు. నేను పోసే చేయి ఆపలేదు. రెండోసారి చేయి అడ్డం పెట్టినాడు. ఆ చేతి మీద కూడా నూనె పడింది. అన్యుడివి, నీకేం తెలుసు, అవతలికి పో అన్నాను. నవ్వులు వినపడినాయి. వాడు ఏమని అడ్డం వచ్చినాడో దూరంగా ఉన్న జనానికి వినపడలేదు, నేను కసురుకున్నది ఒక్కటే వినపడింది. వాడు గుడ్డతో చేయి తుడుచుకొని వేపచెట్టు కిందికి పోయినాడు. అప్పటినుంచి ఆదివారం లారీ దగ్గర నేనేం చేసినా నోరెత్తలేదు.

ఇది పాకలో చెప్పలేదు. నీకు రాసిన జాబులోనూ రాయలేదు. తెలియక చేసినోడికి జనం ఏడుస్తారు. వద్దన్నా వినకుండా చేసి, వద్దన్నవాడినే దొంగ అన్నవాడికి ఎవరూ ఏడవరు. అది నాకు తెలుసు. అందుకే ఆ ఒక్క ముక్కా తీసేసి మిగతాదంతా చెప్పినా.

పెంచలయ్యను రమ్మను. వాడు గుమ్మం బయట నిలబడే పని లేదు, ముందర కూర్చోమను. పండగ నాడు నేను లేచి నిలబడను, కింద చాప మీద కూర్చుంటా. ఈ జాబు జనం ముందర నువ్వే చదువు, నీ మామూలు గొంతుతో, ఒక్క మాట కూడా కలపకుండా. నేను చదివితే అది ప్రసంగమైపోతాది.

ఏకాంబరం